ఖైరాత్ మజ్రా

కువైట్‌లో వఫ్రా దాటి ఎడారిలోకి పోయే రోడ్డు పక్కన ఒక టమేటా తోట ఉంది. మనవాళ్లు దాన్ని ఖైరాత్ మజ్రా అంటారు. ధర్మానికి పెట్టిన తోట అని అర్థం. ఎప్పుడో ఎవరో పెద్దాయన దిక్కులేనివాళ్ల కోసం కట్టించాడట. మొదట్లో ఒళ్లు సహకరించని పడవవాళ్లు ఉండేవాళ్లు. తర్వాత ఏ దేశమూ రమ్మనని మనుషులు చేరారు. ఇప్పుడు కఫీలు, అంటే వీసా ఇచ్చి పనికి పెట్టుకున్న యజమానుల, ఇళ్లనుంచి పారిపోయిన ఆడవాళ్లు ఉంటున్నారు. మనుషులు మారారు గానీ పద్ధతి మారలేదు. రెండు పూటలా తిండి, తల దాచుకోవడానికి ఒక మంచం. బదులుగా ప్లాస్టిక్ కప్పుల కింద పొద్దస్తమానం టమేటా పని. గేటుకు తాళం ఉండదు. తాళం లేని జైలు ఏం జైలని కొత్తగా వచ్చినవాళ్లు నవ్వుకుంటారు. కొన్నాళ్లు పోతే వాళ్లూ నవ్వరు.

సిద్ధమ్మది రాయచోటి పక్క పల్లె. మిష్రిఫ్‌లో ఒక విల్లాలో వంట, అంట్లు, పిల్లలు, అన్నీ ఆమె నెత్తినే ఉండేవి. మామా, అంటే ఆ ఇంటి యజమానురాలు, దేశంలో ఉండనిచ్చే ఇఖామా కాగితం కొట్టించలేదు. అడిగితే గదిలో పెట్టి గడియ వేసేది. ఒకరోజు చెత్త పారేయడానికి బయటికి వచ్చి, అటునుంచి అటే పారిపోయింది. పాలు మరవని కూతుర్ని చెల్లెలు వెంకటేశ్వరి చేతుల్లో పెట్టి విమానం ఎక్కిన మనిషి ఆమె. ఇప్పుడు ఆ చిట్టికి మాటలొచ్చాయి, పరుగులొచ్చాయి. అమ్మ మాత్రం ఫోనులో గొంతుగానే మిగిలిపోయింది. ఆ బిడ్డను ఒక్కసారి ఎత్తుకోవాలి. సిద్ధమ్మకు అంతకు మించి కోరిక లేదు.

మజ్రాలో ఆమెకు నచ్చని సంగతి ఒకటి ఉండేది. ఎవరైనా ఊరికి బయల్దేరితే సాగనంపేవాళ్లు ఉండరు. పోయేవాళ్లు నోరు విప్పరు, ఉన్నవాళ్లు తల ఎత్తరు. పక్క మంచంలో పడుకున్న మనిషి కూడా అంతే. నోరు మంచిదైతే ఊరు మంచిదని చెప్పి పెంచిన తల్లికి పుట్టింది సిద్ధమ్మ. ఆమెకు ఇదంతా ఒట్టి మొరటుతనంలా అనిపించేది.

ఊరికి పోనిచ్చే ఎంబసీ కాగితం, ఔట్‌పాస్, ఆమెకు వచ్చిన రోజు, అన్నాల వేళకు డ్రైవరు ఆంజి కారు తెచ్చి గేటు బయట ఆపాడు. రాజంపేట మనిషి, మన ఆడవాళ్లను ఎయిర్‌పోర్టుకు చేర్చడం అతనికి అలవాటే. విమానం ఆ సాయంత్రమే. సిద్ధమ్మ సంచి భుజాన వేసుకుని వంటగదిలోకి పోయింది. కడప ఖైరున్‌బీ అక్కడ పెద్ద వంట డేగిసా తోముతోంది. మజ్రాలో అందరికంటే పాత మనిషి ఆమే.

"బూబమ్మా..." అంటూ సిద్ధమ్మ ఆమె కాళ్లకు వంగబోయింది.

ఖైరున్‌బీ తడిచేత్తోనే ఆమె నోరు మూసేసింది. "గమ్మున పో. ఎవురు పలకరిచ్చినా పలకొద్దు. గేటు దాటేదాకా నీకు నోరు ల్యా అనుకో."

"ఎందుకు బూబమ్మా?"

ముసలామె కిటికీలోంచి షెడ్ల వైపు చూసింది. "ఈడ అడగొద్దు," అంది గుసగుసగా.

చాదస్తం, ఇంకేముంది అనుకుంది సిద్ధమ్మ. ఆనందంలో ఉన్న మనిషికి ఎవరి భయమైనా చాదస్తంగానే కనిపిస్తుంది. బయటికి వచ్చేసరికి గాలి మొదలైంది. ఆకాశం పసుపు కలిపిన నీళ్ల రంగుకు తిరిగింది. షెడ్ల పక్కగా గేటు వైపు నడుస్తుంటే టమేటా ఆకుల పచ్చివాసన గొంతుకు పట్టుకుంది. తనెప్పుడూ పనికి పోని చివరి షెడ్డులో ఒకామె అటు తిరిగి, వంగి కాయలు కోస్తోంది. ఆ వీపును సిద్ధమ్మ ముందెప్పుడూ చూడలేదు.

"ఏమ్మా... ఊరికి పోతాండావా?"

అచ్చం రాయచోటి యాస. ఇంత దూరంలో ఆ మాట చెవిన పడితే ఎవరి ప్రాణం లేచిరాదు? పైగా మన ఇళ్లలో పోతున్నాననడం చచ్చేవాళ్ల మాట. వీధి చివర అంగడికి పోయేవాడు కూడా తిరిగొస్తానని చెప్పే గడప దాటుతాడు. సిద్ధమ్మ నాలుక దానంతట అదే కదిలింది.

"ఆఁ అక్కా. పోయొస్తా."

ఆమె తిరిగి చూడలేదు. కాయలు కోసే చేతులు మాత్రం ఆగాయి.

"మంచిది. రా."

కారు ఎక్కగానే దుమ్ము కమ్మేసింది. పట్టపగలే ఆంజి లైట్లు వేశాడు. ఎటు చూసినా ఎర్రటి మసక. అద్దాలకు ఇసుక తగిలి గీరుతోంది. సిద్ధమ్మ కళ్లు మూసుకుని, చిట్టి బరువు ఎంత ఉంటుందో ఊహించుకుంటూ కూర్చుంది.

బ్రేకు పడింది.

"ఇదేంది?" అన్నాడు ఆంజి.

ఎదురుగా గేటు... మజ్రా గేటు.

"దుమ్ములో మలుపు తప్పినట్టుండాది," అని తిప్పాడు. ఆ రోడ్డుకు మలుపులు లేవు. అది ఇద్దరికీ తెలుసు. ఎవరూ అనలేదు. మళ్లీ తిన్నగా పోయారు. చాలాసేపు పోయారు.

గేటు...

ఈసారి ఆంజి గబగబా బండి తిప్పాడు. సూరాలు చదివే మనిషి కాదు కాబట్టి ఆంజనేయ దండకం అందుకున్నాడు. కారు లోపల టమేటా ఆకుల వాసన. అద్దాలన్నీ ఎక్కించే ఉన్నాయి.

గేటు...

లోపలి వైపు ఖైరున్‌బీ నిలబడి ఉంది. ముక్కుకు చున్నీ అడ్డం పెట్టుకుంది. గేటు గీత దాటలేదు.

"ఎవురికి చెప్పినావు?"

"చివరి షెడ్డులో... అక్కకు. మన యాసే, బూబమ్మా..."

"ఆ షెడ్డులో పంట పెట్టి ఎన్నేండ్లయ్యిందో. మనిషి యాడుంది?" ముసలామె గొంతులో కోపం లేదు, జాలి ఉంది. "నాతో కడప మాట మాట్లాడింది. నేనూ పోయొస్తానంటిని. వస్తానన్నోళ్లను ఈ నేల వదిలిపెట్టదు బిడ్డా. ఆంజి ఒక్కడే అయితే పోతాడు. నువ్వుండే బండి పోదు."

ఆంజి తల తిప్పుకున్నాడు.

సిద్ధమ్మ ఏడుస్తూ అతని ఫోను లాక్కుంది. రేపు తెల్లారేసరికి వస్తానని ఇంట్లో ఎదురు చూస్తుంటారు. అక్కడిప్పుడు దీపాలు పెట్టే వేళ. వెంకటేశ్వరి ఎత్తింది.

"వెంకటీ... నేను ఇప్పుడే రాలేనే..."

"ఎవురు మాట్లాడేది?"

"నేనేనే. అక్కను."

"ఎవురమ్మా నువ్వు? మా యక్క ఇందాకనే వచ్చింది. లోపల బిడ్డతో ఉండాది."

సిద్ధమ్మకు, కువైట్‌కు బయల్దేరిన రోజు, గడప దగ్గర, పసిబిడ్డ చెవిలో తను చెప్పిన మాట గుర్తొచ్చింది. పోయొస్తానమ్మా అని చెప్పింది. ఆ మాటనూ ఎవరో నిలబెట్టారు.

"బిడ్డను పట్టుకో! వెంకటీ, బిడ్డను వదలొద్దు!"

చిట్టి వచ్చి ఫోను లాక్కున్నట్టుంది. చిన్న నవ్వు వినిపించింది.

"చిట్టీ, నేను అమ్మను..."

"అమ్మ ఈడే ఉండాది కదా! నన్ను బయటికి తీస్కపోతాదంట. నేను పోతా."

"పోతా అనొద్దు తల్లీ!" సిద్ధమ్మ గొంతు చించుకుంది. "పోయొస్తా అను. ఒక్కసారి అను బంగారూ... పోయొస్తా అను!"

అవతల ఎవరో బిడ్డతో మెల్లగా ఏదో చెప్తున్నారు. చిట్టి బుద్ధిగా ఊఁ కొట్టింది.

"అట్ల అనగూడదంట," అంది ఫోనులో.

తర్వాత తలుపు గడియ తీసిన చప్పుడు.