దొంగ వానలు

బెలూన్ పైకి వెళ్లింది. దాన్ని వదిలిన మనిషి కిందికి వచ్చాడు.

పొద్దున్నే వాతావరణ కేంద్రం మేడ మీంచి గాలిలోకి బెలూన్ వదలడం ఆ సైంటిస్టు డ్యూటీ. ఆరోజు వెనకనుంచి ఎవరో తోశారు. జనం మూగేసరికే ప్రాణం పోయింది.

కాసేపటికి సీక్రెట్ సర్వీస్ చీఫ్ గదిలోకి కాకర అడుగుపెట్టాడు. అది అతని అసలు పేరు కాదు. ముఖం ఎప్పుడూ చేదుగా పెట్టుకుంటాడని ఆఫీసువాళ్లు తగిలించిన పేరు. చివరికి అదే కోడ్ నేమ్ అయింది.

"నిన్న ఆయన నాకు ఫోన్ చేశాడు," అన్నాడు చీఫ్. "రెయిన్‌ఫాల్ రిపోర్టులు నమ్మబుద్ధి కావడం లేదన్నాడు. దేశమంతా వానలు దంచుతున్నాయని మన ఆటోమేటిక్ స్టేషన్లు చెబుతున్నాయి. ఆయన బెలూన్లేమో గాలిలో తడే లేదంటున్నాయి."

"ఈ అబద్ధంతో ఎవరికి లాభం సార్?"

"పంట బాగుందనుకుంటే గోదాముల్లో దాచిన ధాన్యం మనకెందుకు? రేపు మంత్రిగారు దాన్ని ఒక విదేశీ కంపెనీకి ఎగుమతి చేస్తున్నారు. ఓడలు రేవులోకి వచ్చేశాయి. రేపటి తర్వాత పైరు ఎండితే, మన ధాన్యాన్నే మనం వాళ్ల కాళ్లు పట్టుకుని కొనుక్కోవాలి. వెళ్లి చూసి రా."

మెకానిక్ వేషంలో కాకర వరిచేల మధ్య ఉన్న ఒక స్టేషన్‌కి వెళ్లాడు. పైరు పొట్ట మీదుంది. నీళ్లు తప్పనిసరిగా కావలసిన అదను. నేల మాత్రం పాదం దూరేంత నెర్రెలిచ్చింది.

గట్టు మీద కూర్చున్న ముసలి రైతమ్మ అతని టూల్ బాక్స్ వంక చూసింది.

"దాన్ని బాగుచెయ్యడానికొచ్చావా బాబూ? ఇక్కడ బాగున్నది అదొక్కటే. నిన్న మా ఊళ్లో వాన కురిసిందని రేడియోలో చెప్పారు. నా కాలి మడమ తడిస్తే ఒట్టు."

"ఇప్పుడు పడినా పంట చేతికొస్తుందా పెద్దమ్మా?"

"ఈ వారం పడితే వస్తుంది. ఆ తర్వాత గడ్డే. కంకి ఉంటుంది, గింజ ఉండదు. అంతా తాలే."

కాకర వాన కొలిచే గరాటు విప్పాడు. లోపల సాలెగూడు. దానిమీద దుమ్ము. అడుగున బొత్తామంత చిప్ కూర్చుని, పడని వానకు లెక్కలు కట్టి హెడ్డాఫీసుకు పంపుతోంది.

చీఫ్‌కి ఫోన్ చేశాడు.

"ఒక్క చిప్ చూపిస్తే, ఒక్క స్టేషన్ చెడిందంటారు," అన్నాడు చీఫ్. "కెమెరాల ముందు దేశం మ్యాప్ మొత్తం మారాలి. ఆ చిప్‌లన్నీ ఒకే పాస్‌వర్డ్‌తో ఆగిపోతాయి. అది ఆ కంపెనీ దుబాసీకి తెలుసు. ఆమె మన మనిషే. కానీ ఇప్పుడు చుట్టూ కాపలా. రేపు స్టేజి మీద తప్ప నోరు విప్పలేదు. 'తాలు' అన్న మాట వినపడగానే, దాని వెనకే వచ్చే మాట పట్టుకో."

మర్నాడు రేవులో కాకర గ్రెయిన్ ఇన్‌స్పెక్టర్. చేతిలో గింజల తేమ చూసే మీటర్. దాని కడుపులో ట్రాన్స్‌మిటర్.

స్టేజి వెనక పెద్ద స్క్రీన్ మీద దేశం మ్యాప్ పచ్చగా మెరుస్తోంది. మైకు దగ్గర దుబాసీ. ఒంటికి అతుక్కున్న పట్టు గౌను, చూపు తిప్పుకోనివ్వని అందం. ఫొటోగ్రాఫర్లు మంత్రిని వదిలేసి ఆమె వెంటపడ్డారు.

కంపెనీ యజమాని తన భాషలో రెండు ముక్కలు మాట్లాడాడు. ఆమె నవ్వుతూ అనువదించింది.

"మాది పాత స్నేహం. మా మాటల్లో తాలు, పొల్లు వెతికినా దొరకవు."

ఆమె ఏమందో యజమానికి తెలియదు. అతనూ నవ్వాడు.

కాకర మీటర్ మీద 'పొల్లు' అని కొట్టాడు. మ్యాప్ కదల్లేదు. పక్కనున్న ఉక్కు గోదాము సిగ్నల్‌ని మింగేస్తోంది. ధాన్యాన్ని ఓడకెక్కించే కన్వేయర్ బెల్టు బటన్ మీదికి మంత్రి వేలు వెళ్లింది. అనుమానం వచ్చిన గార్డు కాకర భుజం పట్టుకున్నాడు. కాకర అతన్ని విదిలించుకుని బస్తాల మీదికి ఎగిరాడు. మీటర్ని తలపైకెత్తి మళ్లీ నొక్కాడు.

స్క్రీన్ మీద పచ్చదనం ఊడిపోయింది. జిల్లా తర్వాత జిల్లా గోధుమరంగుకి తిరిగింది.

"మంత్రిగారూ, వాన ఏదండీ?" ఒక రిపోర్టర్ అడిగాడు.

బటన్‌ని తాకిన వేలు నొక్కకుండానే వెనక్కి వచ్చింది. ఓడ వైపు పరుగెత్తిన యజమానిని మెట్ల దగ్గరే పట్టుకున్నారు.

తర్వాత రేవు క్యాంటీన్లో దుబాసీ టీ ముందు కూర్చుంది. తాగలేదు.

"వాళ్లు నిన్ను అంత తొందరగా ఎలా నమ్మారు?" అడిగాడు కాకర.

"పరీక్ష పెట్టారు. వాతావరణ కేంద్రం మేడ తలుపు గడియ తీసి ఉంచమన్నారు. ఎందుకో నాకు అర్థమైంది. చీఫ్‌కి చెప్పాను. కానివ్వమన్నాడు."

కాకర నేరుగా చీఫ్ గదికి వెళ్లాడు. అడగకముందే చీఫ్ తల పైకెత్తాడు.

"ఒక మనిషి పోయాడు, దేశానికి తిండి మిగిలింది. నువ్వయితే ఏం చేసేవాడివి?"

కాకర మీటర్ని బల్ల మీద పడేసి తలుపు వైపు తిరిగాడు.

"వెళ్లి ఆయన భార్యను పలకరించు," అన్నాడు చీఫ్. "కాలు జారి పడ్డాడు. గుర్తుంచుకో."

ఆమె తలుపు తీసింది. గదిలో ఎవరో రేడియో ఆపడం మరిచిపోయారు.

"కాలు జారిందంటున్నారు అన్నయ్యా. పదేళ్లుగా ఎక్కే మేడ. నిజంగా జారిందా?"

కాకర ఆమె మొహం చూడలేకపోయాడు.

"అవునమ్మా. జారింది."

ఇప్పట్లో వానలు పడే సూచన లేదని రేడియో చెప్పింది. ఆరోజు ప్రభుత్వం తరఫున ఆ ఇంట్లో వినపడిన నిజం అదొక్కటే.