హడగు

"ఏమప్పా, టేపు పట్టుకోమంటే యాడ చూస్తాండావు?"

భాగ్యశ్రీ నాతో అన్న మొదటి మాట అది. పెనుకొండ కాలేజీలో మూడేళ్లు ఒకే క్లాసు. ఆమెది కర్ణాటక సరిహద్దున అగళి, నాది తాడిమర్రి. అంతవరకు మాట్లాడుకున్నది లేదు. వేణుమాధవ్ సార్ మా హిస్టరీ క్లాసును సముద్రం ఒడ్డుకు తీసుకుపోబట్టి, టేపుకు ఆ కొస ఆమె, ఈ కొస నేను.

ఎప్పుడో మునిగిన ఓడ ఒకటి అక్కడి ఇసుకలో ఉందని పురావస్తు శాఖవాళ్లు వెతుకుతున్నారు. మేము సాయం. సముద్రం వెనక్కి తగ్గినప్పుడే తవ్వాలి, నీళ్లు మళ్లీ వచ్చేలోగా కొలిచి రాసుకోవాలి. నాలుగు రోజులు తవ్వినా కుండపెంకులు తప్ప ఏమీ దొరకలేదు.

"నోట్లో ఇసుక పోసుకున్యావా? ఒక్క మాటా రాదు!" అనేది.

నేను బ్రష్‌తో ఇసుక ఊడ్చేవాణ్ణి. నవ్వేటప్పుడు ఆమె ఎడమ కన్ను ముందు మూసుకుంటుందని మాత్రం కనిపెట్టాను.

"పరీక్షలైతే తుమకూరు పోతాండా. బీఈడీ ఆడనే. మళ్లీ ఈ పక్కకు రాను," అంది ఐదో రోజు.

మా క్యాంపుకు అదే ఆఖరి రోజు. అడగాలంటే ఈ రోజే అడగాలి. అనుకుంటూనే ఇసుక ఊడ్చాను.

మధ్యాహ్నం వాన పట్టుకుంది. అందరూ టార్పాలిన్ కోసం పరుగెత్తారు. భాగ్యశ్రీ మాత్రం గుంతలోనే మోకాళ్ల మీద కూర్చుని, నా వైపు చూస్తూ అరిచింది.

"అడుగు! తిరుపాలూ, అడుగు!"

ఆమెకు తెలిసిపోయిందనుకున్నాను. దేవుడు మేలు చేశాడనుకున్నాను.

"నన్ను పెండ్లి చేసుకుంటావా?" వాన హోరును మించి అరిచాను.

టార్పాలిన్ మోస్తున్నవాళ్లు ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. ఆమె చేతికింద, వాన కడిగిన నల్లటి చెక్క ఒకటి పక్కటెముకలా వంగి కనబడుతోంది.

సార్ గొంతు సవరించుకున్నారు. "హడగు అనింది ఆ పాప. కన్నడంలో ఓడ."

"మా ఇంట్లో అట్లే అంటారు. నిన్నెవురు అడగమన్న్యారప్పా?" అంది భాగ్యశ్రీ, నా ముఖం చూడకుండా. "టేపు పట్టుకో. నీళ్లొస్తాండాయి."

పట్టుకున్నాను. అవతలి కొసన ఆమె ఒకే అంకెను రెండుసార్లు తప్పు చదివింది. వానకేమో అనుకున్నాను.

తిరుగు ప్రయాణంలో ఎవరూ నన్ను ఆటపట్టించకుండా సార్ తన పక్కనే కూర్చోబెట్టుకున్నారు. ఆ మేలు మరిచిపోను. బస్సు ధర్మవరం దాటాక, "కాళ్లు పట్టేసినాయప్పా," అంటూ లేచి వెనక్కి పోయారు. ఆ సీట్లోకి భాగ్యశ్రీ వచ్చింది.

"జవాబు వద్దా నీకు?"

కావాలన్నట్టు తల ఊపాను.

"తల కాదు, నోరు."

"కావాల."

"అయితే అడుగు." ఎడమ కన్ను ముందు మూసుకుంది. "ఈసారి 'హ' లేదు."

ఇన్నేళ్లూ ఇసుకలో ఓపిగ్గా మాకోసం ఆగిన ఆ ఓడకు మనసులోనే దండం పెట్టుకుని, అడిగాను.