ఉతికిన గొంగడి

పాలవాగు రాజ్యంలో వాగంతా కంపు కొట్టసాగింది. కొండ గుహలో జొల్లాసురుడనే రాక్షసుడు నోరు తెరుచుకుని పడుకునేవాడు. వాడి జొల్లు పచ్చగా, తీగలు తీగలుగా సాగుతూ వాగులోకి జారేది. ఆ జొల్లు తగిలినవాళ్లు గుల్లలేని నత్తలైపోయేవారు. రాజు పంపిన వీరులు కూడా ఇప్పుడు కోటగోడల మీద పాకుతున్నారు.

గొర్రెలు కాసే బీరమ్మ వాళ్లమ్మ కూడా నత్త అయింది. అమ్మను చేత్తో ముట్టుకోవడానికి బీరమ్మకు ఒళ్లు జలదరించింది. ఆముదపాకుతో ఎత్తి మోదుగు డొప్పలో పెట్టింది. అలా చేసినందుకు సిగ్గుపడి ఏడ్చింది.

"వాడి నాలుక కింద నీలిమణి ఉంది. రేపు పొద్దుగుంకేలోగా అది మీ అమ్మకు తగలాలి. లేదంటే ఎప్పటికీ నత్తే" అన్నాడు కొండ కింద ఉండే ముని.

బీరమ్మ తాత తాను నేసిన కొత్త గొంగడి ఇచ్చాడు. "ఇది కప్పుకో బిడ్డా, వాని జొల్లు ఒంటికి తగలదు. కానీ ఉతకకు. చింతగింజల గంజి పోతే బొచ్చు ఊడుతది."

మర్నాడు ఆమె వెళ్లేసరికి గుహ దారికి అడ్డంగా దున్నంత కప్ప కూర్చుని ఉంది. "వీపు గోకితేనే దారి!" అంది. ఆ వీపు నిండా చీముపుండ్లే. బీరమ్మ కళ్లు మూసుకుని గోకింది. ఒక పుండు పగిలి గొంగడంతా చీము.

"ఛీ! ఛీ!"

"ఇంత హాయిగా ఎవ్వరూ గోకలే తల్లీ. పో" అంది కప్ప.

ఆ చీము భరించలేక, తాత మాట మరిచి, బీరమ్మ గొంగడిని పక్క ఊటలో ఉతికేసింది. గంజి పోయింది. బొచ్చు గుప్పెళ్లుగా ఊడసాగింది. అయినా పొద్దు వాలుతోంది. డొప్ప నడుముకు కట్టుకుని, తడి గొర్రె వాసన కొట్టే ఆ గొంగడినే తలమీదుగా కప్పుకుని గుహలోకి నడిచింది.

జొల్లాసురుడి పళ్ల సందుల్లో కుళ్లిన మాంసం, దాని మీద ఈగలు. "ఏందే ఈ గొర్రె కంపు? నాకి చూస్తా!" అంటూ కిందినుంచి పైదాకా ఒక్క నాకు నాకాడు.

నాలుక నిండా బొచ్చు అంటుకుంది.

"ఆఖ్! థూ! తియ్యవే! తీసెయ్యవే!"

"నోరు బాగా తెరువు మామా."

బీరమ్మ చేతికి గొంగడి కొస చుట్టుకుని, వాంతి ఆపుకుంటూ, మోచేతిదాకా దూర్చి మణిని లాగేసింది. జొల్లు ఎండిపోయింది. రాక్షసుడు నోరు తెరిచిన బండరాయి అయ్యాడు.

పొద్దు కొండంచున ఉంది. డొప్ప మూలలో అతుక్కున్న అమ్మకు మణి అందలేదు. ఆకు వెతికే సమయం లేదు. బీరమ్మ అమ్మను వట్టి అరచేతిలోకి తీసుకుంది. చల్లగా, జిగటగా వేళ్ల మధ్య పాకింది. అయినా వదల్లేదు. మణిని తాకించింది.

మరుక్షణం ఆ చేతిలో అమ్మ చేయి ఉంది.

ఆ మణితోనే అందరూ మనుషులయ్యారు. రాజు బీరమ్మను వాగు ఒడ్డు సీమకు ఏలికను చేశాడు. పట్టం నాడు పట్టుశాలువా ఇస్తే పక్కన పెట్టి, ఆమె బొచ్చూడిన గొంగడే కప్పుకుంది. సభలో అందరూ ముక్కులు మూసుకున్నారు.

అమ్మ మాత్రం మూసుకోలేదు.