ఐసు ఫ్యాక్టరీ అరుగు మీద ఎర్రదీపం

కాకినాడ ఉప్పుటేరు పక్కన మూతబడ్డ ఐసు ఫ్యాక్టరీ ఉంది చూశారూ, చీకటిపడితే అటు కుక్క కూడా పోదు. మూడేళ్లుగా ఏటా నవంబరు ఒకటిన అక్కడి సిమెంటు అరుగు మీద ఎర్రదీపం వెలుగుతోందట. సమాధుల పండుగ దీపమేమో అనుకుందామంటే, మన క్రైస్తవుల పండుగ రెండో తారీకు కదా!

అది చిట్టియ్యే అన్నారు జనం. తొమ్మిదేళ్ల కిందట తుఫానులో వేటకెళ్లాడు. పడవ ముక్కలు దొరికాయి, మనిషి దొరకలేదు. పండుగకి ఊరంతా సమాధులకి సున్నం వేసుకుంటుంటే, అతని భార్య సంపూర్ణమ్మా, కొడుకు ఆరోనూ ఇంట్లో తలుపేసుకుని కూర్చునేవారు. ఏడుపు కూడా వచ్చేది కాదు.

ఆరోన్ కారు డ్రైవరు. మూడేళ్ల కిందట గ్యాసు కంపెనీకి వచ్చిన తదేవుష్ అనే పోలండు ఇంజనీరు దగ్గర ఈ ఏడే కుదిరాడు. ఒకటో తారీకు చీకటిపడగానే ఆయన ఉప్పుటేరు వంతెన దగ్గర కారు ఆపించి, "ఇక్కడే ఉండు" అని సంచి పట్టుకుని నడిచి వెళ్లిపోయాడు.

పావుగంట... అరగంట... రాలేదు.

అంతలో అరుగు మీద — ఎర్రగా!

ఆరోన్‌కి భయం వెయ్యలేదు. అదే వింత. ఎప్పుడో మొద్దుబారిపోయాడు పాపం. పొద్దున అమ్మ మెల్లగా అన్న మాటొకటే చెవిలో ఉంది: "ఆయనే అయితే... ఇంటికి రమ్మని చెప్పరా."

దిగి నడిచాడు. బురద... చిమ్మచీకటి... దీపం ముందు ఎవరో మోకాళ్ల మీద కూర్చున్నారు. వీపు మాత్రమే కనిపిస్తోంది.

"నాన్నా... అమ్మ రమ్మంటోంది..."

ఆ మనిషి తిరిగాడు —

తదేవుష్! ఎదురుగా ఎర్రగాజు బుడ్డిలో కొవ్వొత్తి.

"మా తాతగారికి" అన్నాడాయన ఇంగ్లీషులో, గొంతు తగ్గించి. "1920లో వార్సా దగ్గర సోవియట్ సైన్యాన్ని ఆపినవాళ్లలో ఒకరు. అప్పటికి పద్దెనిమిదేళ్లు. రెండో యుద్ధం అయ్యాక కమ్యూనిస్టుల రాజ్యం వచ్చింది. అయినా లొంగలేదు, తుపాకీతో అడవిలోనే ఉండిపోయారు. పట్టుకుని కాల్చేశారు. ఎక్కడ పూడ్చారో ఇప్పటికీ తెలీదు. మేం ఒకటో తారీకునే సమాధుల మీద దీపాలు పెడతాం. సమాధి లేనివాళ్లకి ఎక్కడ పెట్టినా చేరుతుందనేది మా నాయనమ్మ. ఇటు ఎవరూ రారు కదా అని..."

ఆరోన్ ఆయన్ని బసలో దింపాడు.

ఇంటికెళ్లేసరికి మూడు కంచాలు పెట్టి ఉన్నాయి.

"ఆయనేనా?"

"కాదమ్మా." జరిగిందంతా చెప్పాడు.

 సంపూర్ణమ్మ ఒక కంచం తీసి గూట్లో బోర్లించింది.

"రేపు పొద్దున్నే సున్నం తీసుకురా."

"ఏ సమాధికమ్మా?"

"ఆ అరుగుకి."