పది సైజు అక్షరాలు

పొద్దున ఏడున్నర. ఒక పొయ్యి మీద కూర, రెండో దాని మీద కుక్కర్, చేతిలో గరిటె, కళ్ళల్లో ఇంకా తీరని నిద్ర. ఆమె స్కూలు ఆఫీసులో గుమాస్తా. తొమ్మిదింటికల్లా సీట్లో ఉండాలి. వంటింట్లోంచి తల తిప్పితే హాల్లో భోజనాల బల్ల, దాని మీద లాప్‌టాప్, దాని ముందు అమ్మ కనబడుతుంది. ఇవాళ అమ్మ కనబడుతోంది గాని, తెర మీది అక్షరాలు కనబడటం లేదు. మళ్ళీ చీమల్లా అయిపోయాయి.

"నిన్న సాయంత్రమేగా సైజు నలభై ఎనిమిది పెట్టాను," అని నిట్టూర్చింది.

అమ్మ ఇరవై ఆరేళ్ళు బస్టాండులో అనౌన్సర్‌గా చేసింది. ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో ఊరికి చెప్పింది ఆ గొంతే. రిటైరైన రెండేళ్ళకి గొంతులో గడ్డ అన్నారు. ఆపరేషన్‌తో ప్రాణం దక్కింది, మాట పోయింది. చెవులు మాత్రం పాము చెవులే. స్కూల్లో మూలపడిన లాప్‌టాప్‌ని కంప్యూటర్ మాస్టారు బాగుచేసి, ముసలి యంత్రం ఇదైతేనే మోయగలదని లైనక్స్ అనే సాఫ్ట్‌వేర్ ఎక్కించి ఇచ్చారు. అందులో టెక్స్ట్ ఎడిటర్ తెరిచి అమ్మ టైపు చేస్తుంది, కూతురు చదివి జవాబు చెబుతుంది. సైజు నలభై ఎనిమిది ఉంటే పొయ్యి దగ్గర్నుంచే చదివేయొచ్చు. గరిటె ఆపక్కర్లేదు. ఎంత చక్కటి ఏర్పాటని ఎనిమిది నెలల కిందట ఆమె మురిసిపోయింది కూడా.

ఆ ఏర్పాటు నాలుగు రోజులుగా మొరాయిస్తోంది. సాయంత్రం పెంచుతుంది, తెల్లారేసరికి పదికి దిగిపోతుంది.

అమ్మ చెంచాతో బల్ల మీద రెండుసార్లు కొట్టింది. అంటే చదవమని.

"చూస్తున్నానమ్మా," అంటూ కళ్ళు చికిలించింది. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. మాత్రల గురించో, నీళ్ళ మోటారు గురించో అయ్యుంటుంది. "సరేలే అమ్మా, అలాగే కానీ."

చెంచా మళ్ళీ మోగలేదు. కుర్చీ జరిగిన చప్పుడు వినబడింది.

ఇలా కాదని ఫోన్ అందుకుంది. "మాస్టారూ, పొద్దున్నే విసిగిస్తున్నాను, ఏమనుకోకండి. మీ లైనక్స్‌లో అక్షరాలు వాటంతటవే చిన్నవైపోతున్నాయి."

"వాటంతటవే అవ్వవండీ. ఎవరో ఒకరు ప్రిఫరెన్సెస్‌లోకి వెళ్ళి మార్చాల్సిందే."

"మా ఇంట్లో ఇంకెవరున్నారండీ, నేనూ అమ్మేగా."

ఆయన కాస్త తటపటాయించారు. "అమ్మగారే టైపు చేసి అడిగారండీ, పోయిన ఆదివారం నేను మీ ఇంటికి వచ్చినప్పుడు. సైజు తగ్గించడం ఎలాగో కాగితం మీద రాయించుకున్నారు. మీకు తెలుసనుకున్నాను."

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. ఫోన్ పెట్టేసి గరిటెతో సహా హాల్లోకి వచ్చింది. తల్లి గుమ్మం దగ్గర నిలబడి ఉంది. కాళ్ళకి చెప్పులు, చేతిలో ఆస్పత్రికి తీసుకెళ్ళే సంచి.

"ఇదేంటి, ఎక్కడికి బయల్దేరావు?"

తల్లి లాప్‌టాప్ వైపు వేలు చూపించింది. చదవాలంటే కూర్చుని ముందుకి వంగాల్సి వచ్చింది.

"మీ పిన్ని తన దగ్గరే ఉండిపొమ్మంటోంది. పదింటి బస్సుకి వెళ్ళిపోనా?"

దీనికా తను అలాగే కానీ అన్నది? పుట్టిన భయం కాస్తా కోపమై బయటికొచ్చింది.

"కనబడక అన్నానమ్మా. కనబడకుండా చేసింది నువ్వేగా? నాకెన్ని చేతులున్నాయనుకున్నావు? వంట, ఆఫీసు, నీ మాత్రలు, నీ ఆస్పత్రి. నీతో మాట పోకూడదనేగా అంతంత అక్షరాలు పెట్టుకున్నాను. నా మీద ఏం కక్షని తగ్గించావు?"

తల్లి చెప్పులతోనే వచ్చి పక్క కుర్చీలో కూర్చుంది. ఒక్క వేలితో టైపు చేయడం మొదలుపెట్టింది. కూతురు ఒక్కో అక్షరం కోసం కాచుకుని కూర్చోవాల్సి వచ్చింది.

"బస్టాండులో గాజు గదిలోంచి మైకులో చెప్పేదాన్ని. జనం వినేవాళ్ళు, సంచులు తీసుకుని వెళ్ళిపోయేవాళ్ళు. నా మొహం ఎవరూ చూసేవాళ్ళు కాదు. అది ఉద్యోగం, ఫర్వాలేదు."

వేలు ఆగింది. మళ్ళీ కదిలింది.

"ఇంట్లోనూ అంతే అయింది. పెద్దక్షరాలైతే పొయ్యి దగ్గర్నుంచే చదివేస్తున్నావు. చిన్నవైతే వచ్చి పక్కన కూర్చుంటావనుకున్నాను. నాలుగు రోజులు చూశాను. సరేలే అంటున్నావు గాని రావడం లేదు."

తల్లి పక్కన చివరిసారి ఎప్పుడు కూర్చుందో ఆమెకి గుర్తు రాలేదు. కుట్లు విప్పిన రోజు ఆస్పత్రి బెంచీ మీదేమో. ఎనిమిది నెలలుగా ఇంత దగ్గరగా ఆ మొహం చూడలేదు. చెంపలు ఎంత లోపలికి పోయాయో ఇప్పుడు కనబడింది. ఏడుపు ఆగలేదు.

"పిన్ని దగ్గరికి వెళ్ళాలని ఉందా నీకు?"

తల్లి తల అడ్డంగా ఊపింది.

సంచి అందుకుని చూస్తే తేలిగ్గా ఉంది. లోపల ఒక్క బట్ట లేదు.

"నాటకమా?" అంది ముక్కు తుడుచుకుంటూ. తల్లి భుజాలు కదిలాయి. చప్పుడు లేకపోయినా అది నవ్వే.

ఆమె లాప్‌టాప్ తన వైపు జరుపుకుంది. తల్లి కళ్ళు సైజు మార్చే మెనూ మీదికి వెళ్ళాయి. ఆమె దాని జోలికి పోలేదు. తల్లి రాసిన దాని కిందే, ఆ చీమల అక్షరాల్లోనే, పైకి ఎప్పుడూ అనలేని మాట ఒకటి టైపు చేసింది.

"చాలా అలసిపోయానమ్మా."

తల్లి కళ్ళజోడు సర్దుకుని ముందుకి వంగింది. తలకి తల తగిలింది. చదివి, కూతురి వీపు మీద చెయ్యి వేసి అలాగే ఉంచింది. కాసేపటికి రెండో చేత్తో మెల్లగా టైపు చేసింది.

"కూర మాడుతోంది."

"మాడనీ," అంది కూతురు, కుర్చీ ఇంకాస్త దగ్గరికి జరుపుకుని. "ఇంకా చెప్పు."