ఖాళీగా వదిలేసిన గడి

“ఆగండాగండి! ఎంటర్ నొక్కకండి!”

కొత్తగా చేరిన అమ్మాయి ఉలిక్కిపడి కీబోర్డు మీద నుంచి చేతులు తీసేసింది. వెనకాల డేటాబేస్ చూసుకునే కుర్రాడు నిలబడి ఉన్నాడు. ఆఫీసంతా అతన్ని ‘క్వెరీబాబు’ అని పిలుస్తుంది.

“రికార్డు చేర్చే ఇన్సర్ట్ కమాండులో కాలమ్ పేర్లు కూడా రాయాలండీ. లేకపోతే వరస తప్పి ఉద్యోగి ఫోన్ నంబరు జీతంలో కూర్చుంటుంది.”

“నా రికార్డులో అయితే కూర్చోనివ్వండి, పుణ్యముంటుంది!”

అతను పకపకా నవ్వాడు. అప్పటినుంచి పక్కకు కుర్చీ లాక్కుని, రికార్డులు చేర్చడం, సెలెక్ట్‌తో వెతకడం అన్నీ నేర్పాడు. వాన పడిన ఒక సాయంత్రం గొడుగంతా ఆమె వైపే వంచి, తను సగం తడుస్తూ బస్టాపు దాకా వచ్చాడు.

ఆమెకు గుండెల్లో గుబులు పట్టుకుంది. ఇతనికి ఇదివరకే పెళ్ళయి ఉంటేనో? అడుగుదామంటే నోరు పెగలదు.

ఒక మధ్యాహ్నం అతను సీట్లో లేనప్పుడు, అతని ఉద్యోగి నంబరుతో సెలెక్ట్ కొట్టింది. వివాహం అన్న గడిలో ‘అయింది’ అని వచ్చింది.

“టీకి వెళదామా?” మర్నాడు అతను అడిగాడు.

“పనుంది సార్.”

“కొత్తగా ఈ సార్ ఏంటి? నావల్ల ఏమైనా తప్పు జరిగిందా?”

“అబ్బే, ఏం లేదు సార్.”

అడిగి మరీ వేరే బ్రాంచికి బదిలీ చేయించుకుంది.

ఏడాది తర్వాత అక్కడ కొత్తగా చేరిన ఓ పిల్ల వివరాలు తనే డేటాబేస్‌లో చేర్చి, సరిచూసుకోమని తెర చూపించింది.

“అయ్యో అక్కా, నాకు పెళ్ళెప్పుడు చేసేశారు? నన్ను పిలవనేలేదు!” అని ఆ పిల్ల పగలబడి నవ్వింది.

ఆ పిల్ల ఇచ్చిన కాగితంలో పెళ్ళి సంగతి లేదని వివాహం గడి ఖాళీగా వదిలేసింది, అలా వదలడం మొదటిసారి. వదిలేస్తే డేటాబేసే ‘అయింది’ అని నింపేసుకుంది. అతని గడి కూడా ఇలాగే నిండిందేమో!

ఆ సాయంత్రం అతనికి ఫోన్ చేసి అడిగింది.

“ఖాళీగా వదిలేస్తే ‘అయింది’ అని వచ్చేలా పెట్టింది నేనేనండీ,” అన్నాడు. “మనవాళ్ళలో ఎక్కువమంది పెళ్ళయినవాళ్ళేగా, టైపింగ్ తగ్గుతుందని. నా గడి నింపడానికి నాకే బద్ధకం. ఏం, ఎందుకు?”

ఆమె చెప్పింది. ఏదీ దాచుకోకుండా చెప్పింది.



“పక్క కుర్చీలోనే ఉన్నాను కదండీ,” అన్నాడు. “ఒక్కమాట నన్నడగలేకపోయారా? మీకు చెప్పాలని నేనెన్నిసార్లు...”

దూరం నుంచి ఒక ఆడగొంతు వచ్చింది. “ఏవండీ, వడ్డించేశాను. చల్లారిపోతోంది!”

“కిందటి నెలే అయింది,” అన్నాడు మెల్లగా.



“వెళ్ళి భోంచేయండి. ఆవిడ ఎదురుచూస్తుంటారు,” అని, ఆమే ముందు ఫోన్ పెట్టేసింది.