పట్టాల అవతల బడి

"ఈ ప్లాను గీసిన మహానుభావుడెవరు?"

టీచరమ్మ కౌన్సిల్ ఆఫీసుకొచ్చి అడిగేసరికి ఇంజనీరు టీ కప్పు కింద పెట్టాడు. "నేనేనండీ."

బడి ఎక్కడ కట్టాలో అంతవరకూ రాజధానిలోనే తేల్చేవారు. ఆ ఏడే ఆ పని ఊరి కౌన్సిల్ చేతికొచ్చింది. మొదటి ప్లాను అతనిదే.

"పిల్లలంతా రైలు పట్టాల అవతలున్నారు. పాత బడిలాగే కొత్తదీ ఇవతలే పెట్టారు."

"మ్యాప్‌లో అర కిలోమీటరేనండీ."

"మ్యాప్ మీద రైళ్లు తిరగవు కదా. రేపు పొద్దున్నే రండి, నడిచి చూద్దురుగాని."

వెళ్లాడు. వాన పట్టుకుంది. ఆవిడ గొడుగులో సగం ఇచ్చింది. ఆ సగంలో ఒదిగి, ఆవిడ అడుగులో అడుగు కలుపుతూ నడిచాడు.

గేటు పడింది. గూడ్సు బండి కదలకుండా ఆగిపోయింది. బెల్లుకి టైమైపోతోందని నలుగురు పిల్లలు పెట్టెల కింద నుంచి దూరారు. గేటు కాసే పెద్దాయన కేకలేస్తూ పరిగెత్తాడు.

"మా నాన్న," అంది టీచరమ్మ మెల్లగా. "ముప్పై ఏళ్లుగా రోజూ ఇదే పరుగు."

వారం తర్వాత కౌన్సిల్ మీటింగు. పాత ప్లానుకే ఆమోదముద్ర వేద్దామని చైర్మన్ తొందరపడుతున్నాడు. ఇంజనీరు ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. అయినా లేచాడు.

"తప్పు నాదే సార్. నడవకుండా గీశాను. అవతల కౌన్సిల్ స్థలం ఖాళీగా ఉంది. కొత్త ప్లాను తెచ్చాను."

చైర్మన్ ముఖం మాడిపోయింది. వెనక బెంచీల్లోంచి తల్లులు ఒక్కొక్కరే లేచి నిలబడ్డారు. రోజూ వీధిలో ఎదురుపడేవాళ్లకి కాదని చెప్పడం ఏ సభ్యుడికీ చేతకాలేదు. కొత్త ప్లాను గట్టెక్కింది.

బయట గేటు పెద్దాయన అతని చేతులు పట్టుకున్నాడు. "ఇక హాయిగా ఊపిరి పీల్చుకుంటాను బాబూ. నీ రుణం ఎలా తీర్చుకోను?"

"నేనే మీ అమ్మాయికి రుణపడ్డానండీ. నన్ను నడిపించింది." కాసేపు నసిగాడు. "జన్మంతా నడిపిస్తానంటే, మీరు ఒప్పుకుంటే..."

పెద్దాయన నవ్వాడు. "నాకు సంతోషమే. నడిపించేది అది. దాన్నే అడుగు."

పక్కనే ఉన్న టీచరమ్మ చీర కొంగు సర్దుకుంటూ ఎటో చూసింది. "బడి తెరిచాకే పెళ్లి."

"ఏడాది పడుతుందండీ."

"మరి ఇంకా ఇక్కడ నిలబడ్డారేం? వెళ్లి పని మొదలుపెట్టించండి."